అమ్మది మౌనవ్రతం కాదు

రుద్రేశ్ సంతాప సభకు వచ్చిన మీ అందరికీ అతని పెద్దక్కగా నమస్కరిస్తున్నాను.

ఆరేళ్ల కిందటి ఒక ఉదయం చెబుతాను. గాంధీనగర్‌లో మా ఇల్లు. తమ్ముడు స్నానం చేశాడు, విభూతి పెట్టుకున్నాడు, ఉగ్గాణి తిన్నాడు, బజ్జీ ఇంకొకటి అడిగి వేయించుకున్నాడు. బయటికి వెళ్లి తన స్కూటర్ వెనక సీటు మీద కూర్చున్నాడు. కూర్చునే ఉన్నాడు. "ఏందప్పా, వెనక కూచున్నావు?" అంటే, "నడిపేటోడు వస్తాడులే అక్కా, సుమ్నే, ఊరికే ఎందుకు తొందర?" అన్నాడు. దోణిమలై ఇనుప గనిలో పద్దెనిమిదేళ్లు డంపర్ లారీ నడిపిన మనిషి. మేమందరం నవ్వాం. అతనూ నవ్వాడు.

ఆ వారంలోనే అతను పై అధికారి దగ్గరికి వెళ్లాడు. "నన్ను బండి దింపండి సార్. నేను మరిచిపోతే కింద మనుషులుండారు" అన్నాడట. ఎవరూ అడగకముందే చెప్పాడు. తోటి డ్రైవర్లు ఇక్కడే ఉన్నారు, వారికి తెలుసు.

నేను అలా చెప్పలేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అని డాక్టరు అడిగితే, లేదన్నాను.

ఎందుకన్నాను? మా అమ్మ కొట్రమ్మను మీలో చాలామంది చూశారు. యాభై దాటకముందే ఆమెకు మేము గుర్తు లేకుండా పోయాం. తర్వాత మాటా పోయింది. అప్పటికి నా వెనక ఇంకా పెళ్లిళ్లు కావలసినవాళ్లున్నారు. అందుకని, అమ్మ మౌనవ్రతం పట్టిందని చెప్పాం. మీరు వచ్చి ఆమె కాళ్లకు మొక్కారు. చెప్పి చెప్పి ఆ మాట నాకే నిజమైపోయింది. నేను లేదనడంతో తమ్ముడికి రెండేళ్లు వేరే మందులు వాడారు.

జబ్బు పేరు అల్జీమర్స్. ముసలితనంలో వచ్చే మతిమరుపు వేరు. అందులో జన్యువులు ముప్పును పెంచవచ్చు, అంతే. మా ఇంటిది వంశంలో దిగే అరుదైన రకం. అమ్మకు ఉంటే, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. రుద్రేశ్‌కు వచ్చింది. అతని కూతురు సహనకూ సగం అవకాశం.

మొన్న కర్మ ముగిసిన సాయంత్రం ఇంట్లో కూర్చున్నాం. సహనకు దేశనూరు సంబంధం కుదిరేలా ఉంది. పెళ్లి అయ్యేదాకా జబ్బు సంగతి బయట పెట్టకుండా ఆగుదామన్నారు కొందరు. "మా నాయన జబ్బుకు ఏ వ్రతం పేరు పెడతారత్తా?" అని అడిగింది సహన.

తర్వాత నిర్ణయించాం. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది సహన ఇష్టం. ఎవరూ అడగకూడదు. జబ్బు పేరు మాత్రం ఈ సభలో చెప్పాలి. చెప్పవలసింది నేను.

దేశనూరు పెద్దలారా, మీరు ఈ మాట వేరొకరి నోట వినకూడదని పిలిచాం. మీ జవాబు ఏదైనా సరే.

ఇక అందరూ లేవండి. రుద్రేశ్ కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం.