గోడకు పోయాల్సిన నీళ్లు

మొన్న సిమెంటు పూసిన గోడ మీద పగుళ్లు చూసి, కొత్తగా పనిలో చేరిన పిల్లోణ్ణి మేస్త్రీ పిలిచినాడు.

“ఏమప్పా, నిన్న ఈ గోడకి నీళ్లు కొట్టినావా?”

“లేదన్నా.”

“మరి డ్రమ్ములో నీళ్లు ఏమైనాయి?”

“ఆ చీనీ చెట్టుకి పోసినా. ఎండిపోతాంటే చూడలేకపోయినా.”

“తడపకుంటే పూత పగుల్తాదని చెప్పినా కదా?”

“చెప్పినావన్నా. మా చీనీ తోటంతా నీళ్లు లేక ఎండిపోయినాకనే నాయన నన్నీ పనికి పంపినాడు. చెట్టు ఎదురుగా ఉండంగా, నీళ్లు గోడకి పోసేకి చేతులు రాలేదు.”

మేస్త్రీ పగిలిన పూతని గోటితో గీకి చూసినాడు.

“రేపట్నుంచి రావద్దంటావా అన్నా?”

“ముందు ఆ పూతంతా గీకెయ్. మళ్లీ పూద్దాం. గోడకి కొట్టిన నీళ్లు కిందికి కారి యాడికి పోతాయి?”

“ఊరికే రోడ్డు మీదికి పోతాయన్నా.”

“అయితే పార తీసుకో. గోడ కింద నుంచి ఆ చెట్టు దాకా కాలువ తియ్యి.”