చెయ్యెత్తితే ఆపే మనిషి

గిస్బోర్న్‌లో బడి ముందు ఆగిన దంతవైద్యం వ్యానులోంచి మనవరాలు అనాహెరా నవ్వుతూ దిగింది. తాత మాత్రం మెట్టు దగ్గరే ఆగి, లోపలున్న, పిల్లల పళ్లు బాగుచేసే థెరపిస్టును అడిగాడు.

“నొప్పెడితే చెయ్యెత్తు, ఆపేస్తానని పిల్లతో అన్నావు. నిజంగానే ఆపావా అమ్మాయ్?”

“ఎత్తినప్పుడల్లా ఆపాను తాతగారూ. భయపడే పిల్లలకి ముందు కావాల్సింది ఆ నమ్మకమే.”

“మా చిన్నప్పుడు బడిలో పళ్లు చూసే గదిని కసాయి కొట్టు అనేవాళ్లం. నేనూ చెయ్యెత్తాను.”

“ఆపలేదా?”

“ఇద్దరొచ్చి నా చేతులు అదిమిపట్టారు. ఆ తర్వాత పన్ను ఎంత సలిపినా ఎవరికీ చెప్పలేదు.”

“లోపలికి రండి. ఊరికే కూర్చోండి. మీరు సరేననేదాకా ముట్టుకోను.”

తాత తల అడ్డంగా తిప్పాడు.

“ఇరవయ్యో ఏటే మత్తిచ్చి అన్నీ పీకేశారమ్మా. ఇవి కట్టుడు పళ్లు. నువ్వు చూడ్డానికి ఏం మిగిల్చారని?”