సగం మందు

ఘనాలోని కుమాసీ ల్యాబులో మూడేళ్లుగా జ్వరానికి వాడే బెరడు చెక్కని కాచి, వడగట్టి, విడగొట్టి, చివరికి తానే నీరుగారిపోయిన సెర్వా, ఆ చెక్క ఇచ్చిన ముసలి వైద్యుడి వాకిట్లో కూలబడింది.

“పదమూడు భాగాలుగా విడదీశాం తాతా. ఏ ఒక్కటీ మలేరియా క్రిమిని చంపలేదు. శుక్రవారంతో పని ఆపేయమన్నారు.”

“కాచేటప్పుడు చౌటిగడ్డ వేశారా?”

“ఏ గడ్డ?”

“చౌటి ఉప్పు గడ్డ. అది పడకపోతే చెక్కలోంచి సారం దిగదు.”

“ఆ రోజు చెప్పలేదేం?”

“ఆ రోజు నువ్వేం తెచ్చావు?”

“సంతకాల కాగితం.”

“వేలిముద్ర వేశానుగా. మరి పోయిన పెద్దల పేరిట నేలమీద పొయ్యడానికి జిన్ను సారా సీసా?”

“మర్చిపోయాను. మందు కోసం వచ్చి మందే మర్చిపోయాను.”

“సీసా లేకుండా వచ్చినవాళ్లకి సగమే చెప్పాలని మా తాతలు పెట్టిన కట్టుబాటు. మిగతా సగం రెండోసారి వచ్చినప్పుడు.”

“మూడేళ్లు పోయాయి తాతా.”

“నన్నేం చెయ్యమంటావు తల్లీ? జ్వరం తగ్గకపోతే ఎవరైనా నాలుగో రోజుకే వచ్చి అడుగుతారు. నువ్వొక్కదానివే ఇంకా బాగా వడగడదామని కూచున్నావు.”

సెర్వా సంచిలో చెయ్యి పెట్టింది. కాగితాలే తగిలాయి.

“జిన్ను కొట్టు దూరమా తాతా?”

“శుక్రవారం కంటే దగ్గరే. లే.”