పిన్ని వెనక్కి ఇస్తానన్న అలారం

హలో… ఆ, నేనే, క్లెమెన్స్‌ని. చెప్పు పిన్నీ… దుకాణంలోనే. ఇంకాసేపు తెరిచే ఉంటుంది…

ఏది, మొన్న తీసుకెళ్ళిన అలారమా?… వెనక్కి ఇస్తావా? ఎందుకు?… అధికారి వచ్చి చూసి వెళ్ళిపోయాడు గనక. బాగుంది. గదులు అద్దెకిచ్చే ఇంట్లో అలారం ఉండి తీరాలన్నారు గానీ, ఆయన మెట్లు దిగేదాకా ఉంటే చాలనలేదు… నేనూ ఆయన పేరు చెప్పే అమ్ముకుంటాను, కాదనను. కానీ విప్పిన పెట్టె తీసుకోను పిన్నీ. చుట్టరికం చుట్టరికమే, బేరం బేరమే…

పాడైందా? కొత్తది ఎలా పాడవుతుంది?… అరుస్తోందా. ఎప్పట్నుంచి?… పొద్దున్నుంచా. నాకేమీ వినపడటం లేదే…

బ్యాటరీలు తీసేశావా?… తీసి టీవీ రిమోట్‌లో వేశావు. భలేదానివి. లోకం మునిగినా నీ సీరియల్ ఆగకూడదు…

ఒక్క మాట చెప్పు. ఎలా అరిచింది?… కాదు, గుర్తు తెచ్చుకో. బ్యాటరీ అయిపోతే అప్పుడప్పుడు ఒక్క కూత కూస్తుంది, అంతే… వరసగా నాలుగా? నాలుగు కూసి, ఆగి, మళ్ళీ నాలుగా?

…

పొగ లేదని నాకూ తెలుసు పిన్నీ. వాసనా ఉండదు. నువ్వు కొన్నది పొగ అలారం కాదు, చాద్‌ది. చాద్ అంటే కార్బన్ మోనాక్సైడ్. గ్యాస్ సరిగా మండకపోతే పుట్టే విషం… చెప్పాను. 'ఆ, ఆ' అన్నావు.

ఇగ్నాత్సీ బాబాయి ఏడీ?… స్నానాల గదిలోనా. గ్యాస్ గీజర్ వెలుగుతోందా?… పొద్దున్నుంచీ తలనొప్పా. నిన్న తన పేరిటి సెయింట్ పండక్కి ఆల్‌బుఖారా సారా తాగాడు, సరే, ఆయన తలనొప్పి ఆ ఖాతాలో వేశావు. నీకెలా ఉంది?… నీకూనా? నువ్వు చుక్క ముట్టవు కదా పిన్నీ. నీ తలనొప్పి ఏ ఖాతాలో వెయ్యమంటావు?

లే. కిటికీలు తెరువు. అన్నీ… మంచు పడితే పడనీ. వంటింట్లో గ్యాస్ కుళాయి కట్టెయ్… ఇప్పుడు బాబాయిని పిలువు… మళ్ళీ పిలువు. తలుపు బాదు…

లుద్వికా, నీ ఫోన్లోంచి అగ్నిమాపక వాళ్ళకి చెయ్యి. లెయొకాదియా పిన్ని ఇల్లు, చర్చి వెనక, రెండో అంతస్తు. గీజర్ విషం అని చెప్పు—

మా ఆవిడతో అన్నాను పిన్నీ. పలికాడా?… లేదు.

తలుపు అడుగున గాలికి చిల్లులుంటాయి చూడు… తువ్వాలు కుక్కావా? గోడ జాలీకి టేపు కూడానా… కాళ్ళకి చలిగాలి కొడుతోందని. సరే. ఏడుపు తర్వాత. గడియ నేను అమ్మిందే, బయటివైపు మధ్యలో సన్న గాడి ఉంటుంది. నాణెం పెట్టి తిప్పితే వచ్చేస్తుంది… పర్సు వెతక్కు, వెన్న కత్తి తీసుకో… ఎడమకి. ఎడమకి పిన్నీ… వచ్చిందా?

ఆగు, లోపలికెళ్ళకు. ముందు కిటికీ దగ్గర గాలి పీల్చుకో, ఊపిరి బిగబట్టి వెళ్ళు. ఎదురింటి వలెంతినా గారిని కేకెయ్యి… నేల మీదే పడున్నాడా, తొట్టిలో కాదు కదా? నయం. చంకల కింద చేతులేసి లాగండి… బరువే. తెలుసు. లాగండి…

పిన్నీ?

ఫోన్ ఎక్కడ పెట్టావు పిన్నీ?

…

పిన్నీ.

…

ఆ, ఉన్నా, ఉన్నా. ఎక్కడున్నారు?… మెట్ల దగ్గరా. మంచిది. ఛాతీ చూడు, కదులుతోందా?… సరిగ్గా చూడు… కదులుతోంది. కళ్ళు?… చెంప తట్టు. పేరు పెట్టి పిలువు…

ఏమన్నాడు?… ఏడుస్తూ చెబితే నాకేం తెలుస్తుంది, మళ్ళీ చెప్పు… వలెంతినా గారిని అటు తిరగమన్నాడా?

కప్పు పిన్నీ, నీ కోటు తీసి కప్పు. సిగ్గొచ్చిందంటే ప్రాణం వచ్చినట్టే… ఆ సైరన్ నాకూ వినపడుతోంది. కింద తలుపు తీసి పట్టుకోమను ఆవిడని. ఇంట్లోకి మాత్రం ఎవరూ వెళ్ళకండి… వస్తున్నా, దుకాణం మూసే వస్తున్నా. ఇక ఫోన్ పెట్టి ఆయన చెయ్యి పట్టుకో… పెట్టెయ్, పిన్నీ.