మా సరోజ కట్టిన వొంతెన

అవ్వా, అమ్మ మిలటరీలో కట్టిన మొదటి వొంతెన సంగతి సెప్పవా?

మీయమ్మ సెప్పలేదా? సెప్పదులే. మా సరోజకి పనొచ్చు గానీ మాట్టాడ్డం రాదు, అచ్చం మీ తాతే.

మొదట నాకు ఇష్టమే లేదు పిల్లా. ఇంజినీరు సదివింది, డర్బన్లో ఆఫీసులో కూకోవొచ్చు గదా. తెల్లోళ్ళ రాజ్యం పోయి మనకి ఓటొచ్చింది, కొత్త గవర్నమెంటొచ్చింది, ఇదేమో మిలటరీలో సేరతానంది. తెల్లోళ్ళ రోజుల్లో ఆ మిలటరీ బట్టలోళ్ళు మన ఈధిలోకొస్తే నాను పిల్లల్ని మంచం కిందకి తోసీదాన్ని. ఎలా ఒప్పుకుంటాను? "ఇప్పుడది మన మిలటరీయే అమ్మా" అంది. రెండేళ్ళు, కాదు, ఇంకా ఎక్కువే, దాంతో సరిగ్గా మాట్టాడలేదు.

తరవాత ఆ వానలు. డర్బన్ పక్కన మన ఒట్టావా ఊరి అవతల ఏరు పొంగి వొంతెన కొట్టుకుపోయింది. పిల్లలకి బడి లేదు, వెరులం ఊరికెల్లడానికి టాక్సీ లేదు. అప్పుడు టాక్సీ ర్యాండున్నరో, రెండో, ఎంతైతేనేం, ఇచ్చినా రాడు. మిలటరీ వొచ్చి ఇనప వొంతెన ఏస్తాదన్నారు. ఆఫీసరెవరంటే మీయమ్మ. అంతకుముందు ఆడమనిషికి ఆ పనిచ్చిందే లేదంట. నాను పులిసిన అంబలి బక్కెట్టుతో ఎల్లేను. కోపముంటే మాత్రం ఆకలితో వొదిలేస్తామా?

వొంతెనయింది. బలం సూడ్డానికి రాళ్ళ లారీ మొదట దాటాల. డ్రైవరు ఎక్కనంటాడు. సార్జెంటు ఒక పెద్ద జూలూ మనిషి, తెల్లోళ్ళ మీద అడివిలో పోరాడొచ్చినోడు. కట్టినోళ్ళు లారీ దాటీదాకా కింద నిలబడాల, అదీ పద్ధతి, మేడమ్ నిలబడతాదా అని అందరి ముందూ అడిగేడు. కొందరు నవ్వేరు. మీయమ్మ గట్టు దిగి, బురదలో, వొంతెన కింద నిలబడింది.

సెప్పులు సేత్తో పట్టుకుని నానూ దిగేను.

"పైకెళ్ళమ్మా. ఇది ఆర్డరు."

"నీ ఆర్డర్లు నీ మనుషులకి సెప్పు. నాను నీయమ్మని."

సార్జెంటు పైనుంచి సూసేడు. ఏటనుకున్నాడో, గోగో, గోగో అని నన్ను పిలుస్తా తనూ దిగొచ్చి మా పక్కన నిలబడ్డాడు. జూలూలో గోగో అంటే అవ్వ, తెలుసు గదా. ఆయన్ని సూసి తక్కినోళ్ళూ దిగేరు. అప్పుడు డ్రైవరుకి సిగ్గేసినట్టుంది, ఎక్కేడు. ఇనుము మూలిగింది. నా జుట్లో కాస్త మట్టి రాలింది, అంతే. లారీ దాటిపోయింది. సార్జెంటు అక్కడే, ఆ బురదలోనే, మీయమ్మకి సెల్యూట్ కొట్టేడు. నాకు ఏడుపొచ్చేసింది పిల్లా.

తరవాత దాని సెయ్యి పట్టుకున్నాను. బయమేసిందా అన్నాను.

"వొంతెనకి కాదు. నువ్వు దిగేసరికి బరువుల లెక్కంతా మళ్ళీ మొదట్నించి సేసుకున్నానమ్మా."

నువ్వూ సల్లగుండు పిల్లా. రేపు నువ్వేటి కట్టినా నిలబడాల. కింద నిలబడ్డానికి నానుంటానో లేదో... మీయమ్మ ఉంటాదిలే.