పాండు నొక్కాల్సిన బటన్

సభకు పెద్దగా కూసున్న మన మేనేజర్ నవీన్‌కుమార్ సార్‌కు, పొద్దటి షిఫ్టు దిగి కూడా ఇండ్లకు పోకుండ ఆగిన అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్లకు, ముందు వరుసల కూసొని నేనేం మాట్లాడుతనో అని భయపడుతున్న మా ఇంటామె మొగులమ్మకు, అందరికీ ఈ జంగయ్య దండాలు. (నవ్వులు)

ముప్పై మూడేండ్ల కింద కర్దనూర్ నుంచి సైకిల్ మీద బొల్లారం వచ్చి ఈ మందుల ఫ్యాక్టరీల హెల్పర్‌గ చేరిన, ఇయ్యాల మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గ దిగిపోతున్న. శాలువా కప్పిండ్రు, అందరు మంచిగనే చెప్పిండ్రు. ఇన్ని మంచి మాటలు విన్నంక ఒక్క తప్పు ఒప్పుకోకపోతే నాకు బువ్వ సయించదు.

మూడేండ్ల కింద మనకు కంప్లయింట్ల సాఫ్ట్‌వేర్ వచ్చింది గదా. పంపు లీకైనా, మోటరు ఆగినా అండ్ల రాయాలె. కొన్ని కాలమ్‌లు దాంతోనే వచ్చినయి: ఎవరు రాసిండ్రు, ఎప్పుడు రాసిండ్రు, పని ఎవరికిచ్చిండ్రు, కంప్లయింట్ తెరిచి ఉందా, మూసిండ్రా. వాటిని మనం తీసెయ్యలేం. రియాక్టర్ నంబరు, షిఫ్టు, స్పేరు పార్టు అసోంటి కాలమ్‌లు మనకు కావాల్సినట్టు మనమే పెట్టుకోవచ్చు. ఆ అధికారం సార్ నాకిచ్చిండు. ఇగ కోతికి కొబ్బరికాయ దొరికినట్టే, నలభై ఒక్క కాలమ్ పెట్టిన. క్యాంటీన్‌ల చాయ్ సల్లగుందా అని కూడా ఒకటి పెట్టమంటే పెట్టిన. (నవ్వులు)

తప్పు అది కాదు. ఆ మూసుడు కాలమ్‌కు ఒక పద్ధతుంది. కంప్లయింట్ రాసిన మనిషే మిషిన్ నడిపి చూసి బటన్ నొక్కాలె, రిపేర్ చేసినోడు నొక్కితే పడదు. మన దగ్గరనేమో రెండుంబావుకు కంపెనీ బస్సు. షిఫ్టు దిగిన ఆపరేటర్ నిలబడతడా? "జంగన్నా, బస్సు పోతది, రేపు చూస్త" అని ఉరుకుడే. ఆ రేపు రాదు. నాకు కోపమొచ్చి "పని అయింది" అని సొంతంగ ఒక కాలమ్ పెట్టిన. మావోళ్లు అయిందని చెప్పంగనే నేనే టిక్కు కొట్టుడు. జల్దీ ఖతం. రెండు కాలమ్‌లు పక్కపక్కన్నే ఉంటయి, నా కండ్లకు రెండూ ఒకటే.

పోయిన నెల నా చార్జి అప్పజెప్పేటప్పుడు సేఫ్టీ ఇంజనీర్ నిహారిక మేడమ్ చూసింది. నా కాలమ్‌ల అన్నీ అయినయి. సాఫ్ట్‌వేర్ కాలమ్‌ల మూడు వందల పన్నెండు తెరిచే ఉన్నయి. "బిడ్డా, నీకైతే మూసే అధికారముంది గదా, అన్నీ ఒక్కసారే మూసెయ్, నా పరువు దక్కుతది" అన్న. "అది మీరు పెట్టుకున్న కాలమ్ అంకుల్, అండ్ల ఉన్నది మీ మాట. ఇది ఆపరేటర్ల మాట. వాళ్లను అడగకుండ నేను ముయ్యను" అన్నది. ఆమెను ఏమనలేక, ఇంటికి పోయి ఆ కోపం మొగులమ్మ మీద చూపిన.

ఆ పిల్ల ఒక్కొక్క కంప్లయింట్ పట్టుకొని రియాక్టర్ల పొంట తిరిగింది. మూడు వందల పదకొండు నిజంగనే అయినయి. ఒక్కటి కాలే. నాలుగో రియాక్టర్ సేఫ్టీ వాల్వ్. లోపల ప్రెషర్ పెరిగితే తెరుసుకోవాల్సింది, బిగుసుకపోయిందని ఆపరేటర్ పాండు రాసిండు. మావోళ్లు పొరపాటున ఐదో రియాక్టర్‌ది మార్చి అయిందన్నరు, నేను పోయి చూడకుండనే టిక్కు కొట్టిన. రోజూ దాని పక్కన నిలబడింది పాండు.

తమ్మీ పాండూ, నీకేమన్న అయితే ఈ శాలువా నేనెట్ల కప్పుకుందు? ఆ పూటనే రియాక్టర్ ఆపినం. నిన్ను పట్టుకొని ఏడిస్తే "ఏం కాలే గదనే" అని నువ్వే నన్ను ఓదార్చినవు. మొన్న కొత్త వాల్వ్ పెట్టినం. అవతల బస్సు హారన్ కొడుతున్నా నువ్వు పోలే. పరీక్ష చేసి, నీ చేత్తో బటన్ నొక్కి, షేర్ ఆటోల పోయినవు. నెల నుంచి నా గుండె మీదున్న బండ అప్పుడు దిగింది. ఇయ్యాల నవ్వుతున్ననంటే గందుకే.

నా కాలమ్ తీసేయించిన. నిహారిక మేడమ్‌కు, సార్‌కు, మీకందరికి చేతులెత్తి మొక్కుతున్న. ఇందాక సార్ "జంగయ్య పని పూర్తిచేసి పోతున్నడు" అన్నరు. సార్, ఆ మాట మనిద్దరం అంటే చెల్లదు. మిషిన్లు నడిపేటోళ్లు వీళ్లు, వీళ్లు చెప్పాలె. అయిందంటే, ఇగ నాకు సెలవియ్యండి.