గాలికి ముక్కు తిప్పిన విమానం

"గాలి సంగతి నాకొదిలెయ్యి లచ్చిరాం" అన్నాడు వెంకటనారాయణ, సీతయ్య టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని. అక్కడితో ఆగితే బాగుండేది.

తెల్లారితే ఆయన పత్తిచేను మీద మందు కొట్టడానికి విమానం వస్తుంది. చేలో జెండా పట్టుకుని దానికి దారి చూపేది ఆయనే. గట్టు దాటితే తూర్పున లచ్చిరాం తండా. నిరుడు ఆ మందు వాసనకే లచ్చిరాం పెళ్లాం సక్రి వాంతులతో మంచం పట్టింది. ఇప్పుడు నిండు చూలాలు. మందు తమ మీద పడుతుందా, పడదా? ఆ ఒక్క మాట కోసం వచ్చాడు లచ్చిరాం. చేతిలో టీ చల్లారిపోతోంది.

వెంకటనారాయణ ఒలికిన టీలో వేలు ముంచి బల్ల మీద గీత గీశాడు. "ఇది విమానం, ఉత్తరానికి పోతోంది." దాని కొస నుంచి ఇంకో గీత. "ఇది పడమటి గాలి, తూర్పుకు తోస్తోంది. మొదలూ చివరా కలుపు. ఈ ఏటవాలు గీతుందే, విమానం నిజంగా పోయేది ఇటు. అందుకని ముక్కు కాస్త గాలికేసి తిప్పాలి. పైలట్‌కి నిరుడు ఈ లెక్క చెప్పిందెవరనుకున్నావు?"

"ఇంకెవరు, మీరే" అన్నాడు సీతయ్య గ్లాసులు కడుగుతూ.

"విమానం ముక్కు తిప్పుకుంటది. మరి మందుకు ముక్కేది అయ్యా?" అన్నాడు లచ్చిరాం.

"ఆగవయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి పెరిగింది, ఇంకాస్త తిప్పమన్నా, తిప్పీ తిప్పీ విమానం ఎండ్రకాయలాగా అడ్డంగా జూలూరుపాడు దాకా పోయొచ్చింది. ఈలోగా ఎదురుగాలి లేచింది. గాలి జోరెంతో విమానం జోరూ అంతే, రెండు గీతలూ ఒకదాన్నొకటి మింగేశాయి. విమానం నా చేను మీద కదలకుండా నిలబడిపోయింది! నిచ్చెనేసి టీ అందించా. చక్కెర తక్కువైందన్నాడు పైలట్."

"మా కొట్టు టీ కాదు గదా?" సీతయ్య కిసుక్కుమన్నాడు.

"వినవోయ్! గాలి ఇంకొంచెం తోసేసరికి వెనక్కి పోయి, బయల్దేరకముందే బయల్దేరిన చోటికి చేరింది. చూస్తే టాంకీలో పోసినదానికన్నా ఎక్కువ పెట్రోలుంది!"

లచ్చిరాంకి నవ్వు రాలేదు. గ్లాసు కింద పెట్టేశాడు.

"గట్లయితే అయ్యా, రేపు పొద్దుగాల అమ్మగారిని, పిల్లలను మా ఇంటికి తోల్కరాండ్రి. విమానం పోయేదాక మా వాకిట్ల కూసుంటరు. మా సక్రి గూడ ఆడనే ఉంటది. గాలి మీ చెప్పుచేతలనే ఉంది గదా."

సీతయ్య చేతిలో గ్లాసు ఆగింది. వెంకటనారాయణ కాలు మీది కాలు దించాడు.

"పిల్లలెందుకులేవయ్యా" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "ఎందుకైనా మంచిది, తెల్లారకముందే నీ పెళ్లాన్ని గుట్ట అవతలికి తీసుకుపో. మేకల్నీ తోలుకుపో. బావి మీద పట్టా కప్పు."

లచ్చిరాం అప్పటికే తండా వైపు పరుగెత్తుతున్నాడు.